ఒంట్లోని తలారి

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈశ్వరుడి సంగతి ఏమోగాని, ఇంట్లో దూరిన దొంగను గుమ్మం బయటినుంచే పసికట్టి పట్టుకోగలిగినవాడొకడు మన ఒంట్లోనే ఉన్నాడు. వాడు మన రక్తంలో తిరిగే ఒక తెల్లకణం. వెంట్రుక మందంలో పదోవంతు ఉంటాడు. శాస్త్రజ్ఞులు వాడికి పెట్టిన పేరు టి-లింఫోసైటు. పేరు నోరు తిరగనిదే అయినా, ఈ వారం వాడితో కాస్త పరిచయం చేసుకోవటం మంచిది. ఎందుకంటే వాడి సంగతి తెలియకనే మనలో చాలామంది భయపడనవసరం లేనిచోట బెంబేలెత్తిపోతున్నారు. భయపడవలసినచోట నిశ్చింతగా ఉంటున్నారు. అక్కరలేనిదాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు కూడా.

మన శరీరం కోట్లాది కణాల ఊరు. ఆ ఊళ్ళోకి జొరబడే సూక్ష్మజీవులు రెండు తీరులవి. కొన్ని వీధిదొంగలు. రక్తంలోనూ, కణాల మధ్య ఉండే ద్రవంలోనూ తిరుగుతూ అక్కడే పెరుగుతాయి. వీటిని పట్టటానికి రక్తంలో ప్రతిరక్షకాలనే పదార్థాలున్నవి. అవి వెళ్ళి సూక్ష్మజీవికి అంటుకుని దాన్ని కదలనివ్వవు. కాని కొన్ని ఇంటిదొంగలు. వైరస్ అనేది ఏకంగా కణంలోకి దూరి, ఆ కణం చేతనే తన పిల్లల్ని తయారు చేయించుకుంటుంది. క్షయ క్రిమి మరీ గడుసుది. సూక్ష్మజీవుల్ని మింగటానికి పుట్టిన భక్షక కణం కడుపులోనే కాపురం పెడుతుంది. ప్రతిరక్షకాలు కణం లోపలికి పోలేవు. వీధిలో నిలబడి చూస్తూ ఉండవలసిందే.

ఈ ఇంటిదొంగల పని పట్టేది ఎవరు? రక్షణ అంతా రక్తరసంలోనే ఉన్నదని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. 1940లలో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో లాండ్‌స్టైనర్, మెరిల్ ఛేజ్ అనే ఇద్దరు గినీ పందులమీద పరీక్షలు చేశారు. ఒక జంతువు చర్మానికి ఒక రసాయనం సరిపడకుండా చేసి, ఆ గుణాన్ని రెండో జంతువుకు మార్చి చూడబోయారు. రక్తరసం ఎక్కిస్తే ఆ గుణం రాలేదు; తెల్లకణాలు ఎక్కిస్తే వచ్చింది. ఆ తరవాత ఛేజ్ క్షయ విషయంలోనూ ఇదే చూపించాడు. అంటే కొన్ని పనులు రసం వల్ల కావు, స్వయంగా కణాలే తరలివెళ్ళి చెయ్యాలి. కణాలు చేసే రక్షణ అని దానికి పేరు వచ్చింది. అయితే ఏ కణాలు? ఎక్కడ పుట్టి ఎక్కడ పెరిగాయి?

జవాబు అందరూ చిన్నచూపు చూసిన ఒక అవయవంలో దొరికింది. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైభాగాన థైమస్ అనే గ్రంథి ఒకటి ఉన్నది. పసితనంలో దిట్టంగా ఉండి, యవ్వనం వచ్చిన దగ్గరనుంచి క్రమంగా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. పెద్దవాళ్ళలో దాన్ని తీసేసినా వెంటనే ఏమీ జరిగినట్టు కనిపించదు. అందుచేత అది పనికిమాలినదని తేల్చారు. 1961లో లండన్‌లో పరిశోధన చేస్తున్న జాక్ మిల్లర్ అనే ముప్పై ఏళ్ళ వైద్యుడు, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో థైమస్ తీసి చూశాడు. నిజానికి ఆయన వెతుకుతున్నది రక్తపు కాన్సరు కారణాన్ని. కనబడింది వేరొకటి. ఆ ఎలుకల రక్తంలో లింఫోసైట్లు తగ్గిపోయినవి. అవి అంటురోగాలకు తట్టుకోలేక చిక్కి చచ్చిపోయినవి. మరో జాతి ఎలుక చర్మం తెచ్చి వాటికి అతికిస్తే, ఇది పరాయిదన్న స్పృహే లేకుండా ఉంచుకున్నవి. చర్మానికి చర్మం అతుక్కున్నది గాని, ఎలుక తనను తాను ఎరగని స్థితిలో పడిపోయింది.

1968లో మెల్బోర్న్‌లో మిల్లర్, ఆయన శిష్యుడు గ్రాహం మిచెల్ కలిసి లింఫోసైట్లు రెండు తెగలని రుజువు చేశారు. ప్రతిరక్షకాలు తయారు చేసేవి ఒక తెగ; వాటిని బి-కణాలంటారు. థైమస్‌లో తయారయ్యేవి రెండో తెగ. థైమస్ పేరులోని మొదటి అక్షరమే వీటికి ఇంటిపేరయింది. అవే టి-కణాలు.

వీటికి తెలుగులో ఏ పేరు బాగుంటుంది? పూర్వం ప్రతి ఊళ్ళోనూ తలారి అని ఒకడుండేవాడు. ఊళ్ళో ప్రతి గడపా ఎరుగును. కొత్త ముఖం కనబడితే కనిపెట్టును. ఆ ఉద్యోగం పాత రూపంలో ఇప్పుడు లేకపోయినా మాట నిలిచే ఉన్నది. అదే మాటకు మనకు మరో అర్థం కూడా ఉన్నది. ఉరిశిక్ష అమలు జరిపేవాణ్ణీ తలారి అనే అంటాం. కాపలా కాసేవాడికీ, ప్రాణం తీసేవాడికీ ఒకే పేరెందుకు వచ్చిందో గాని, టి-కణానికి రెండర్థాలూ అతికినట్టు సరిపోతాయి.

తలారి ఉద్యోగానికి మొదటి అర్హత బలం కాదు, ఊరివాళ్ళను గుర్తుపట్టటం. ఆ చదువు చెప్పే బడి థైమస్. ఎముకల మూలుగులో పుట్టిన పిల్లకణాలు అక్కడికి చేరతాయి. ఒక్కొక్కదాని ఒంటిమీద ఒక్కొక్క తీరు గ్రాహకం ఉంటుంది. తాళం చెవులు గుడ్డిగా కోసి రాశిపోసినట్టు, ఏ చెవి ఏ తాళానికి పడుతుందో ముందు ఎవరికీ తెలియదు. థైమస్‌లో వాటికి రెండు పరీక్షలు. ఒకటి: మన కణాల ఆనవాలు చదవగలవా? చదవలేకపోతే పనికిరావు. రెండు: మన కణాల్నే శత్రువులనుకుని గట్టిగా పట్టుకుంటున్నవా? అయితే మరీ ప్రమాదం. రెండింటిలో దేన్లో తప్పినా చాలామటుకు చావే. మనం పెట్టే ఏ పరీక్షా ఇంత కఠినంగా ఉండదు. వందకు తొంభైఅయిదుకు పైగా అక్కడే రాలిపోతాయి. ప్రకృతి ఇంత దుబారా చేస్తున్నదంటే ఆ చదువు ఎంత ముఖ్యమో ఆలోచించండి. మొక్కై వంగనిది మానై వంగదన్నట్టు, ఈ బడి జోరుగా సాగేదంతా చిన్నతనంలోనే.

బడి దాటి వచ్చినవాడు ఇంటిదొంగను ఎట్లా పడతాడు? ఇంట్లోకి తొంగిచూసే వీలు వాడికీ లేదు. కాని మన శరీరంలో ప్రతి ఇల్లూ పొద్దున్నే ముగ్గు పెడుతుంది! మాటవరసకు కాదు. దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న మాంసకృత్తుల చిన్నచిన్న ముక్కల్ని ఎప్పటికప్పుడు తెచ్చి తన పైపొరమీద పరిచి చూపిస్తుంది. లోపల వైరస్ తన సరుకు తయారు చేయించుకుంటుంటే, ఆ ముక్కలు కూడా ముగ్గులోకి వస్తాయి. ఊరి ముగ్గుల వరుస తెలిసిన తలారి, తెలిసిన ముగ్గులో తెలియని చుక్క చూసి ఆగుతాడు. ఇంట్లో పరాయివాడున్నాడని గ్రహిస్తాడు.

1973లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ ఈ రహస్యం కనిపెట్టారు. వైరస్ సోకిన ఎలుకనుంచి తీసిన టి-కణాలు, అదే వైరస్ సోకిన ఇతర కణాల్ని చంపుతాయా అని చూశారు. ఆ కణాలు తన జాతి ఎలుకవైతేనే చంపినవి. మరో జాతి ఎలుకవైతే, లోపల అదే వైరస్ ఉన్నా పట్టించుకోలేదు. అంటే టి-కణం పరాయిని విడిగా చూడదు. తనదైన ముగ్గులో పరాయి చుక్క ఉంటేనే చూస్తుంది. 1996లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

ఇక శిక్ష. హంతక టి-కణం ఆ ఇంటికి అతుక్కుని నిలబడి, పెర్ఫోరిన్ అనే పదార్థంతో గోడకు కన్నం వేస్తుంది. ఆ దారిన గ్రాంజైములనే వాటిని లోపలికి జారవిడుస్తుంది. అవి వెళ్ళి, 'నీ అంతట నువ్వే ముగించుకో' అని కణానికి ఆజ్ఞ ఇస్తాయి. కణం తనను తాను పొందికగా ముడుచుకుని చచ్చిపోతుంది. ఇరుగుపొరుగుకు నిప్పంటుకోదు. తలారి పక్కింటికి నడుస్తాడు.

తలారులందరూ హంతకులు కారు. వాళ్ళలో సహాయక కణాలనే తెగ ఒకటున్నది. స్వయంగా చంపటం వీటి ముఖ్యవృత్తి కాదు. కబురు చెయ్యటం వీటి పని. బి-కణాలకు కబురు చేస్తే గట్టి ప్రతిరక్షకాలు తయారవుతాయి. హంతక కణాలకు కబురు చేస్తే అవి పదులు వేలై పెరుగుతాయి. క్షయ క్రిమిని మింగి అరిగించుకోలేక కూర్చున్న భక్షక కణానికి ఇంటర్‌ఫెరాన్-గామా అనే కబురు పంపితే, దానికి అంతవరకూ లేని జీర్ణశక్తి వస్తుంది. అప్పటికీ చావని క్రిముల చుట్టూ కణాలన్నీ చేరి గోడలా కమ్ముకుంటాయి. క్షయ క్రిమి సోకిన నూరుమందిలో తొంభైకి పైగా జన్మంతా జబ్బుపడకుండా గడిపేస్తున్నారంటే ఆ గోడ చలవే. ఆ గోడకు కాపలా టి-కణాలే.

ఈ కణాల పనిని కంటితో చూడాలంటే మాంటూ పరీక్ష చూస్తే చాలు. 1908లో ఫ్రెంచి వైద్యుడు చార్లెస్ మాంటూ వివరించిన ఈ పరీక్షలో, క్షయ క్రిమినుంచి తీసిన ట్యూబర్క్యులిన్ అనే పదార్థాన్ని ముంజేతి చర్మంలో చుక్కంత ఎక్కిస్తారు. దోమ కుట్టితే నిమిషాల్లో దద్దురు లేస్తుంది. ఇది అట్లా కాదు. రెండు మూడు రోజులకు గాని పొంగదు. ఎందుకంటే, ఆ క్రిమిని ఇంతకుముందు ఎరిగిన టి-కణాలు ఎక్కడెక్కడో తిరుగుతున్నవి అక్కడికి రావాలి, గుర్తుపట్టాలి, తోటివాళ్ళను పిలవాలి. అందుకే 48 నుంచి 72 గంటలు ఆగి, ఎరుపును కాక గట్టిపడ్డ మేరను కొలుస్తారు. ఆ గట్టిదనం గుమిగూడిన కణాలదే.

మన తెలుగునేలకు దీనితో పాత చుట్టరికం ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలిసింది. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, మనదేశంలో బి.సి.జి. టీకాలు మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ రోజుల్లో ముందు ఈ చేతి పరీక్ష చేసి, పొంగనివాళ్ళకే టీకా వేసేవారు. పొంగినవాళ్ళ కణాలు పాఠం అప్పటికే చదువుకున్నవన్నమాట.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చెయ్యి పొంగితే జబ్బు ఉన్నట్టు కాదు. క్రిమితోనో, టీకాతోనో ముఖపరిచయం ఉన్నదని మాత్రమే అర్థం. జబ్బు ఉన్నదీ లేనిదీ కఫం పరీక్ష, ఎక్స్‌రే, లక్షణాలు కలిపి డాక్టరు చెప్పాలి. అంతవరకూ ఇంటిల్లిపాదీ ఏడవటం, బిడ్డను విడిగా కూర్చోబెట్టటం అన్యాయం. రెండోది ఇంకా ముఖ్యం. చెయ్యి పొంగకపోతే జబ్బు లేనట్టూ కాదు. తిండిలేక శుష్కించినవాళ్ళలోనూ, జబ్బు బాగా ముదిరినవాళ్ళలోనూ టి-కణాలు పిలిస్తే పలకలేని స్థితిలో ఉండవచ్చు. దగ్గు రెండు వారాలు దాటి, సాయంత్రం జ్వరం వస్తూ, మనిషి చిక్కిపోతుంటే, చెయ్యి పొంగలేదన్న ధైర్యంతో ఇంట్లో కూర్చోకూడదు.

సహాయక కణాలు లేని ఊరు ఎట్లా ఉంటుందో 1981లో లోకానికి తెలియవచ్చింది. అమెరికాలో కొందరు యువకులు, మామూలుగా ఎవరినీ ఏమీ చెయ్యని సూక్ష్మజీవులవల్ల చచ్చిపోవటం మొదలుపెట్టారు. అది ఎయిడ్స్. ఆ జబ్బు వైరస్ సరాసరి సహాయక టి-కణాల్లోకే దూరుతుంది. ఆరోగ్యవంతుడికి ఘన మిల్లీమీటరు రక్తంలో 500కు పైగా ఉండే ఈ కణాలు, చికిత్స లేకపోతే 200 లోపుకు పడిపోతాయి. హంతక కణాలున్నా, బి-కణాలున్నా, భక్షక కణాలున్నా, కబురు చెప్పే నాథుడు లేక ఊరంతా నిద్రపోతుంది. గోడ కట్టిన క్షయ క్రిమి అప్పుడే బయటికి వస్తుంది. సంతోషించవలసిన విషయమేమంటే, మందులు వాడితే ఆ కణాలు తిరిగి పెరుగుతాయి. 2004 నుంచి మనదేశంలో ఈ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. వేళ తప్పకుండా వేసుకునేవాళ్ళు దీర్ఘకాలం ఆరోగ్యంగా బతుకుతున్నారు.

ఇంతవరకూ చదివి, 'అయితే ఈ టి-కణాలు ఎంత ఎక్కువ విజృంభిస్తే అంత మంచిదన్నమాట' అనుకుంటే పొరపాటు. కంచే చేను మేసిన సందర్భాలు కూడా ఉన్నవి. పిల్లలకు వచ్చే మొదటి రకం మధుమేహంలో, ఇన్సులిన్ తయారు చేసే కణాల్ని చంపేది బయటి శత్రువు కాదు, టి-కణాలే. కీళ్ళు వాచి వంకరపోయే కీళ్ళవాతంలోనూ వీటి ప్రమేయం ఉన్నది. హెపటైటిస్-బి కామెర్లలో కాలేయం దెబ్బతినేది చాలామటుకు వైరస్ వల్ల కాదు, వైరస్ ఉన్న కణాల్ని చంపుకుంటూ పోయే ఈ తలారుల వల్ల. మూత్రపిండం మార్పిడి చేస్తే, ప్రాణం నిలబెట్టటానికి వచ్చిన అవయవాన్ని పరాయిదని తరిమేది కూడా వీళ్ళే. 1954లో బోస్టన్‌లో మొట్టమొదటి మార్పిడి సఫలమైందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చుగుద్దినట్టున్న కవలలు కాబట్టి. రెండిళ్ళ ముగ్గూ ఒకటే!

మరి ఈ తలారుల్ని అదుపులో ఉంచేది ఎవరు? వాళ్ళలోనే ఒక తెగ. జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి 1995లో, ఇతర టి-కణాలకు 'చాలు, ఆగు' అని చెప్పే నియంత్రక టి-కణాల్ని గుర్తించాడు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక జాతి జబ్బు ఎలుకల్ని పరీక్షించి ఫాక్స్-పి3 అనే జన్యువును పట్టుకున్నారు. అది చెడిపోయిన మగపిల్లల్లో రోగ నిరోధక వ్యవస్థ సొంత అవయవాలమీదనే విరుచుకుపడుతుంది. నియంత్రక కణాలు తయారు కావటానికి ఆ జన్యువే మూలమని తరవాత తేలింది. 2025 వైద్య నోబెల్ బహుమానం ఈ ముగ్గురికీ దక్కింది. లోకం ఆ ఏడు పురస్కరించింది చంపటాన్ని కాదు, చంపకుండా ఆగటాన్ని.

కంచెను అదుపు చేసే మందుల్లో ఒకదానికి మన తెలుగువాడి చెయ్యి తగిలింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడుపుతున్నప్పుడు, ఆయన బృందం పిల్లల రక్తపు కాన్సరుకోసం అమినోప్టెరిన్ అనే మందు చేసింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. ఈనాడు ఎందరో కీళ్ళవాతపు రోగులు డాక్టరు పర్యవేక్షణలో వారానికొకసారి కొద్ది మోతాదులో పుచ్చుకుంటున్నది దాన్నే. 1948లో పోయిన సుబ్బారావుగారు ఈ ఉపయోగం చూడలేదు.

వృత్తిరీత్యా మాటలతో కాలక్షేపం చేసేవాణ్ణి గనుక ఒక్క మాట. ఇంగ్లీషులో ఇమ్యూనిటీ అనే పదానికి మూలమైన లాటిన్ మాటకు అర్థం పన్నులనుంచీ, ఊరి బాధ్యతలనుంచీ మినహాయింపు. మన మాన్యం భూముల వంటిదన్నమాట. తెలుగులో మనం దాన్ని రోగ నిరోధక శక్తి అన్నాం. ఆ చివరి 'శక్తి' దగ్గరే చిక్కు వచ్చింది. శక్తి అన్న తరవాత కండబలంలాగా పెంచుకోవచ్చనిపిస్తుంది. 2020లో కోవిడ్ వచ్చిన దగ్గరనుంచి ఇమ్యూనిటీ పెంచే పొడులూ, లేహ్యాలూ, మాత్రలూ దుకాణాల్లో ఎన్ని వెలిశాయో మీరే చూశారు. దేన్ని పెంచుతాయి? హంతక కణాన్నా, ఆపే కణాన్నా? ఆ సీసామీద రాసి ఉండదు. ఒంట్లో ఉన్నది ఒక శక్తి కాదు. తనవారెవరో, పరులెవరో తెలిసిన ఎరుక. ఎరుకను పొడులతో పెంచలేము. చదువు చెప్పాలి.

ఆ చదువు చెప్పేది టీకా. అది కణాలకు బలమివ్వదు, శత్రువు ఆనవాలు ముందుగా చూపిస్తుంది. చూసినదాన్ని అవి తేలిగ్గా మరచిపోవు. 2003లో సార్స్ జబ్బుపడి లేచినవాళ్ళ రక్తంలో, 17 ఏళ్ళ తరవాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి-కణాలున్నట్టు 2020లో సింగపూర్ పరిశోధకులు చూపించారు. అట్లాగే ఆ ఎరుకను చెడగొట్టే పనులు కూడా మన చేతిలో ఉన్నవి. ఆయాసానికీ, నొప్పులకూ డాక్టరు చీటీ లేకుండా నెలల తరబడి స్టీరాయిడ్ మాత్రలు మింగితే తలారులు మత్తులో పడతారు. నిద్రపోతున్న క్షయ లేస్తుంది. డాక్టరు ఇచ్చిన స్టీరాయిడ్లను సొంతంగా హఠాత్తుగా మానటం కూడా ప్రమాదమే సుమా!

చివరగా, ఏ ప్రకటనలోనూ కనబడని సంగతి ఒకటి. పస్తులతో ఎండిపోయిన పసిబిడ్డల్లో అన్నిటికంటె ముందుగా చిక్కిపోయే అవయవాల్లో థైమస్ ఒకటి. బడి మూతపడుతుంది. అందుకే అటువంటి పిల్లలకు తట్టు వస్తే ప్రాణంమీదికి వస్తుంది. సరైన తిండి పడితే ఆ గ్రంథి మళ్ళీ పుంజుకుంటుంది. కాని ఒళ్ళు వచ్చినంత త్వరగా రాదు. బిడ్డ బుగ్గలు నిండగానే అంతా అయిపోయిందనుకుని తిండి విషయంలో అశ్రద్ధ చెయ్యరాదు. లేహ్యం సీసాకు పెట్టే డబ్బుతో ఆ కంచంలో ఇంకో గరిటెడు పప్పు, ఒక గుడ్డు వడ్డిస్తే, ఊరికి నాలుగు కాలాలపాటు కాపలా కాసే తలారి తయారవుతాడు.